రన్‌వే మీద మొక్కజొన్నలు

మా ఊళ్ళో ఇప్పుడు ట్రాక్టర్ల కన్నా పాత జెట్‌లే ఎక్కువ. అన్నీ ఆరు సీట్ల చిన్నవే. సాంబిరెడ్డికీ అలాంటిదే ఒకటుంది. అతని తోడల్లుడు కోటిరెడ్డి మాత్రం పెద్ద క్యాబిన్‌ది, లోపల మంచమూ స్నానాలగదీ ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

ఈ ఉదయం దాన్ని మొదటిసారి ఊరికి తెస్తున్నాడు. కోటిరెడ్డి భార్య నాగేంద్రం హారతి పళ్ళెంతో, దిష్టి గుమ్మడికాయతో రన్‌వే పక్కన నిలబడింది. రన్‌వే నిండా సాంబిరెడ్డి మొక్కజొన్నలు ఎండుతున్నాయి. విమానం వచ్చేటప్పుడు ఆరబోసినవాళ్ళే గింజలు పక్కకు లాగాలన్నది ఊరి కట్టుబాటు. సాంబిరెడ్డి లాగుడు చెక్క మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"బావా, లెగు. ఆయన పైన తిరుగుతా ఉన్నాడు."

"పచ్చి గింజలమ్మా, బూజు పడతయ్. పక్కూళ్ళో దిగమను."

"కొత్త బండికి హారతి పక్కూరోళ్ళిస్తారా?" నాగేంద్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విమానం నీడ గింజల మీదుగా మరోసారి సాగిపోయింది. అంతలో సాంబిరెడ్డి భార్య అంకమ్మ పరుగున వచ్చింది.

"ఏందయ్యా ఈ పని? లాగు!"

"చెల్లెలి మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందే?"

అంకమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. "ప్రేమా, పాడా! ఆ బండి దిగకపోతే సీట్లు చిరిగున్నయ్యో, మంచం కిర్రుమంటదో మనకెట్టా తెలుస్తది?"

సాంబిరెడ్డి బీడీ పారేసి లేచాడు. అతను గింజలు లాగిన జోరు చూసి నాగేంద్రం కళ్ళు తుడుచుకుంది.

"ఎంతైనా మా బావది మంచి మనసక్కా," అంది.