తాళం మేడమ్ చీటీ

“ఒక్క అంకె! నోరు తెరిచి చెప్తే నీ సొమ్మేం పోతుంది?” అన్నాడు ప్రొఫెసరు, ఉల్లిపాయలు తరుగుతున్న భార్య వెనకే నిలబడి.

“సొమ్ము పోదు. పరువు పోతుంది,” అంది ఆవిడ చాకు ఆపకుండా.

ఇద్దరిదీ ఒకే పరిశోధనాలయం. లక్షల గెలాక్సీలు ఎక్కడెక్కడ గుంపు కట్టాయో లెక్కేయడం ఆయన బృందం పని. గెలాక్సీలు వెలుగుతాయి కాబట్టి కనపడతాయి. వాటిని గుంపుగా పట్టి ఉంచే కృష్ణ పదార్థం మాత్రం కంటికి చిక్కదు. దూరాన కిటికీల్లో దీపాలు చూసి, చీకట్లో ఉన్న ఇల్లు ఎంతటిదో చెప్పడం లాంటిదే ఇది. అలాంటి ఇళ్ల సగటు బరువే వాళ్లకు కావలసిన జవాబు.

అయితే మనిషి మనసు కోతి. కోరుకున్న జవాబు కళ్లముందు ఉంటే లెక్క తెలియకుండానే అటు ఒరుగుతుంది. అందుకని ఆ రంగంలో ఒక కట్టుబాటు ఉంది. లెక్కతో సంబంధం లేని ఒకరు డబ్బాలోంచి చీటీ తీస్తారు. అందులో ఏ అంకె పడితే ఆ అంకెను జవాబుకు రహస్యంగా కలిపి, చీటీని కవర్లో పెట్టి అతికించేస్తారు. పనంతా అయ్యాక అందరి ముందూ కవరు విప్పి, ఆ అంకె తీసేస్తారు. ఈసారి చీటీ తీసింది ప్రొఫెసరు భార్య.

“మొగుడి లెక్కకి పెళ్లాం తాళమా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే!” అని కొందరు గొణిగారు. ఆవిడ సంగతి తెలిసినవాళ్లు నవ్వి ఊరుకున్నారు. ‘తాళం మేడమ్’ అన్న పేరు మాత్రం ఉండిపోయింది.

పోటీ బృందం పోయినేడు తన జవాబు నూరని ప్రకటించి జేజేలు కొట్టించుకుంది. ప్రొఫెసరు కంప్యూటర్ తెర మీదా ఇప్పుడు సరిగ్గా నూరే కనిపిస్తోంది. కానీ అందులో చీటీ అంకె కలిసి ఉందాయె. తీసేస్తే ఎక్కడ తేలుతుందో! డైరెక్టర్ కుర్చీ వచ్చే నెల ఖాళీ అవుతోంది. నూరుకు ఆమడ దూరంలో జవాబు తెచ్చినవాణ్ని అందులో ఎవరు కూర్చోబెడతారు?

“ఇరవై రెండేళ్ల కాపురం. నామీద ఆ మాత్రం నమ్మకం లేదా?”

ఆవిడ చాకు పక్కన పెట్టింది.

“చెప్తే, లెక్క ముట్టుకోరు కదా?”

“నీ మీద ఒట్టు.”

“ఏడు కలిపాను,” అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. ఉల్లిపాయల ఘాటు అనుకున్నాడాయన.

అంటే అసలు జవాబు తొంభై మూడు. ఆ రాత్రి ఆయన గెలాక్సీ గుంపుల జాబితా ముందేసుకుని కూర్చున్నాడు.

మర్నాడే తేలికపాటి గుంపులు నాలుగు వందలు జాబితాలోంచి తీసేశాడు. తేలికవి పోతే సగటు పెరుగుతుంది. తెర మీది అంకె నూట ఏడుకు చేరింది.

“ఎందుకు తీశారు సార్? వాటిలో ఏ లోపమూ లేదే,” అంది రెండేళ్లు కూర్చుని ఆ జాబితా తయారుచేసిన పరిశోధకురాలు.

“మసగ్గా ఉన్నాయి.”

“మసగ్గా ఉన్నవాటి కోసమే కదా సార్ మనం ఇన్నాళ్లూ వెతికింది!”

వారం తిరక్కుండా ఆమెను బృందంలోంచి తప్పించాడు. ఆ వార్త తాళం మేడమ్ చెవిన పడనే పడింది.

“లెక్కలో ఏమన్నా మార్చారా?” అని భోజనం దగ్గర అడిగింది.

“ఒట్టేశాక మారుస్తానా?”

ఆవిడ కూర గిన్నె ఆయన ముందుకు జరిపి లేచిపోయింది.

కవరు విప్పే రోజు హాలు కిటకిటలాడింది. ‘అంకె ముందుగా నాకు తెలియదు’ అన్న హామీపత్రం మీద అందరికంటే ముందు ప్రొఫెసరే సంతకం గీకాడు. తెర మీద నూట ఏడు. ఏడు పోతే నూరు. ఆయన మనసు అప్పుడే డైరెక్టర్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

తాళం మేడమ్ కత్తెరతో కవరు అంచు కత్తిరించింది. ఆయన చిన్నగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చీటీ మడత విప్పి అందరికీ కనపడేలా కెమెరా కింద పెట్టింది.

చీటీ మీద సున్నా ఉంది.