గీత తగలని చోటు

అయిదింటికి నల్లా నీళ్లు పట్టాలి. సహస్రకు జడ వేయాలి, టిఫిన్ డబ్బా కట్టాలి. బూట్లు, హెల్మెట్ దులపాలి. డ్యూటీలో నగలు ఉండకూడదు, ముక్కుపుల్లేమో ఊడిరాదు; దాని మీద ప్లాస్టరు ముక్క అంటించుకోవాలి. గోడ మీది రఘుపతి ఫొటోకు పూలు మార్చాలి. ఏడింటికల్లా సీహెచ్‌పీలో, నలగ్గొట్టిన బొగ్గు పోయే బెల్టు దగ్గర, హాజరు మస్టరు పడాలి.

ఇన్ని పనుల మధ్య జమున కూతురి డ్రాయింగ్ బుక్కు తెరిచింది. పేజీ పేజీకీ ఒకటే ముఖం. నెత్తిన హెల్మెట్, బొగ్గు పట్టిన చెంపలు. అన్నీ పిచ్చిగీతలే.

"గిదేం బొమ్మనే?"

"బొమ్మల క్లాసు జూహీ మేడం నేర్పింది. పెన్ను లేపొద్దమ్మా. కోపమైతే గీత వంకర్లు వంకర్లు ఉరుకుతది. ఇష్టమైతే సుట్లు సుట్లు తిరుగుతది."

"మరి గీ మనిషెవరు?"

"సాయంత్రం కాలనీ హాల్ల మా బొమ్మలు పెడుతున్నరు. రా, చెప్త."

చెప్పనక్కర్లేదు. ఫొటోలో రఘుపతి అదే హెల్మెట్‌తో నవ్వుతున్నాడు. బొగ్గుబాయి నుంచి నల్లగా వచ్చి, అట్లాగే బిడ్డను ఎత్తుకునేవాడు. రెండేళ్ల కింద గుండెపోటుతో పోతే ఆయన నౌకరీ జమునకు వచ్చింది. ఆమె మాత్రం మూడుసార్లు సబ్బు రుద్దుకోనిదే ఇంటికి రాదు. బిడ్డ ముందు బొగ్గు మరక పడనివ్వదు.

"ఇన్ని సుట్లు నీకేనా?" అంది ఫొటోతో. "నాకొక్కటన్న లేదు."

ఆ రోజు పూలు మార్చలేదు.

సాయంత్రం కాలనీ హాల్లో పిల్లల బొమ్మలన్నీ దారానికి వేలాడుతున్నాయి. పక్క క్వార్టరు లింగవ్వ సహస్ర బొమ్మ చూసి నవ్వింది.

"రఘుపతి పోయినా కాయితం మీద డ్యూటీ చెయ్యబట్టె గద, జమునా! రిటైర్మెంటే లేదు మనిషికి."

జమున బొమ్మ దగ్గరికి నడిచింది.

జూహీ దగ్గరికొచ్చింది. "జమునక్కా, సెలవులంతా మీ పిల్ల సీహెచ్‌పీ గేటు కాడి ఛాయ్ హోటల్ల కూసొనే గీసింది. వచ్చేటోళ్లను పొయ్యేటోళ్లను చూసుకుంట."

"వాళ్లను చూస్తే నాయన యాదికొచ్చి ఉంటడు, మేడం."

బొమ్మ కింద సహస్ర రాసిన చీటీ ఉంది: 'ఈ మనిషిని యాదిల పెట్టుకోండి.'

పోయినవాడికి చుట్లూ, చీటీలూ. పొద్దున అయిదింటికి లేచేదానికి ఏముంది? జమున బొమ్మలో తప్పు కోసం వెతికింది. దొరికింది. ముక్కు పక్కన వేలిగోరంత చోటు తెల్లగా మిగిలి ఉంది.

"అంత గీసినవు, గిక్కడెందుకు ఇడిసిపెట్టినవ్? పెన్ను తే, నేనే నింపుత."

సహస్ర గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది.

"నింపకమ్మా, అది నీ ప్లాస్టరు."