మొదట కదిలే మంచం

“ఆదివారం ఒక్కరోజులో ఆసుపత్రి మొత్తం కొత్త భవనంలోకి మారిపోవాలి. ఇది యాజమాన్యం మాట. ఎవరికైనా అభ్యంతరమా?” అని అడిగాడు కొత్తగా వచ్చిన ప్రాజెక్టు మేనేజరు.

బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురూ ముందు అతని ముఖంలోకి చూశారు. తర్వాత గంగిరెద్దుల్లా తలలూపారు.

హెడ్ నర్సు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. పాత మేనేజరు ఉన్నప్పుడు ఒకసారి నోరు విప్పితే, “నీకు ప్రతిదానికీ భయమేనమ్మా!” అని అందరి ముందూ నవ్వాడు. ఇతనూ ఆ తానులో ముక్కే అయ్యుంటాడు. మనకెందుకొచ్చిన గొడవ?

“అయితే అందరికీ సమ్మతమేగా?”

“సమ్మతమే సార్!” ఎలక్ట్రీషియన్ గొంతు అందరికంటే పైన వినిపించింది.

మేనేజరు ప్లాను కాగితం మడిచాడు. “మంచిది. శనివారం మా అమ్మకు ఇక్కడే గుండె ఆపరేషన్. ఆదివారానికి ఇంకా వెంటిలేటర్ మీదే ఉంటుంది. మొదట ఆవిడ మంచమే కదిలించండి.”

ఆరుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు. “సార్... కొత్త లిఫ్టు నిన్న రెండుసార్లు మధ్యలో ఆగింది. మామూలు మనుషులైతే ఫర్వాలేదు గానీ...”

“కొత్త భవనానికి వెళ్ళే వాలు దారి మీద స్ట్రెచరు ఇద్దరికి ఆగదు సార్. నలుగురుండాలి,” అన్నాడు వార్డు సూపర్‌వైజరు, తల దించుకునే.

ఇక హెడ్ నర్సు లేచి నిలబడింది. “వెంటిలేటర్ బ్యాటరీ నలభై నిమిషాలే వస్తుంది. మొన్న ఖాళీ మంచం తోయించి చూశాను. ముప్పై అయిదు పట్టింది. అదీ లిఫ్టు ఆగకపోతే.”

“ఈ మాట ఇందాకే ఎందుకు చెప్పలేదు సిస్టర్?”

“ఇందాక మీరు యాజమాన్యం మాట చెప్పారు సార్. ఇప్పుడు అమ్మ మాట చెప్పారు.”

మేనేజరు చేతిలోని కాగితాన్ని నిలువునా చించాడు. కొత్త కాగితం తీసి, ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాడు. అందరూ కలిసి లెక్క తేల్చేసరికి ఒక్కరోజు కాస్తా నాలుగు రోజులైంది. లిఫ్టు బాగయ్యాకే మొదటి మంచం కదలాలి.

“పైవాళ్ళతో నేను మాట్లాడతా. తిట్లన్నీ నా వాటా,” అంటూ లేచాడు.

హెడ్ నర్సు మెట్ల దగ్గర అతన్ని అందుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె గుండె తేలికగా ఉంది.

“అమ్మగారికి కిటికీ పక్క మంచం ఉంచుతాను సార్.”

“అక్కర్లేదు సిస్టర్. మా అమ్మ లేదు. ఆరేళ్ళ కిందట ఇంకో ఆసుపత్రిని ఇలాగే ఒక్కరోజులో మార్చారు. దారిలోనే పోయింది.”

ఆమెకు కోపం పొంగుకొచ్చింది. “అలాంటి ప్లాను వేసిన మేనేజర్ని ఊరికే వదిలేశారా సార్?”

“లేదు సిస్టర్,” అన్నాడతను మెట్లు దిగుతూ. “రోజూ పొద్దున్నే అద్దంలో నిలదీస్తూనే ఉన్నా.”