బోను కొలత

"బోను చెయ్యాలి అబ్బాయ్. రేపు పొద్దుగూకేలోగా కావాలి" అంది వెంకటరావమ్మ, ఆటో దిగీ దిగకముందే.

దాచేపల్లి రోడ్డు మీద వెల్డింగ్ షాపు నడుపుకొనే మీరావలి ఆశ్చర్యపోలేదు. చిరుత ఆవిడ ఊరి మీద పడి నెల కావస్తోంది. ముందు కళ్లాల దగ్గర కుక్కల్ని ఎత్తుకుపోయింది. తరవాత దూడని. మొన్నయితే, పక్క కళ్లంలో కాపలా పడుకున్న లక్ష్మీకాంత్ భుజమే పట్టింది. ఫారెస్టు వాళ్లు వచ్చి అడుగుల గుర్తులు చూశారు. ఉన్న ఒక్క బోనూ ఇంకో ఊళ్లో ఉందట, ఖాళీ కాగానే తెస్తామన్నారు.

"వాళ్లు తెచ్చేదాకా ఆగరాదూ పిన్నీ?"

"కాయ ఆగుతుందా?"

నిజమే. ఏడాది కష్టమంతా మిరపకాయై కళ్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది, ఇంకా ఆరలేదు. వదిలేస్తే దొంగలు గోతాలకెత్తుకుపోవడం ఖాయం. మొగుడు వెంకయ్య చూస్తే మంచంలో ఉన్నాడు. కూలికి పిలిస్తే అటువైపు వచ్చే మనిషి లేడు.

"సరే, ఎంతుంటుంది అది? వీటిల్లో ఏదో చూపించు" అన్నాడు మీరావలి గోడవైపు చెయ్యి చాపి.

గోడ పొడుగునా రేకు పిల్లులు ఆనించి ఉన్నాయి. ఏదో పార్కుకని ప్రపంచంలోని అడవి పిల్లులన్నిటినీ అసలు సైజులో కోయించాడొక కాంట్రాక్టరు. మళ్లీ మొహం చూపిస్తే ఒట్టు. ఆ చివర సైబీరియా పులి, తోకతో కలిపి పదడుగులు. దాని పక్కన సింహం, జాగ్వార్, ప్యూమా, చిరుత, చీతా. అలా తగ్గుతూ తగ్గుతూ ఈ చివర, ఒంటినిండా తుప్పురంగు మచ్చలున్న బుల్లి పిల్లి. అది మన నల్లమలలోనూ తిరుగుతుంది. ఊరపిల్లిలో సగం ఉంటుందేమో, అంతే. అన్ని సైజుల్లోనూ భగవంతుడు ఈవిడ కళ్లానికి సరిగ్గా మనిషిని లాక్కుపోగలిగిందాన్నే పంపాలా అని మీరావలికి కడుపు మండింది.

వెంకటరావమ్మ వరసంతా చూసుకుంటూ వచ్చి చిరుత దగ్గర ఆగింది. వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంతే ఉంటుంది."

"అయితే తోకతో ఏడడుగులు..."

"తోక లెక్కలోకి వద్దు. అయిదున్నర చాలు. ఎత్తు నాలుగు పెట్టు."

"అది నిలబడితే రెండున్నర కూడా ఉండదు. నాలుగెందుకు?"

"కూర్చుంటే తల తగలకూడదు కదా."

దూడని తిన్నదానికి ఇంత మర్యాదా అని నవ్వొచ్చింది మీరావలికి. ఊచల సందుల్లోంచి పంజా దూరకూడదంది. సబబే, చూడ్డానికొచ్చే జనం వేళ్లు పెట్టకుండా ఊరుకోరు. ఎరగా మేకని కట్టడానికి వెనకాల చిన్న అర పెడతానంటే మాత్రం వద్దంది. కింద చెక్క పరవమంది.

"దాన్ని పట్టుకుంటే కేసవుతుంది పిన్నీ, నన్నూ లాగుతారు" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనేం పట్టుకోనులే."

ముందు అందరూ అనే మాటే అది. అయినా కాదనలేకపోయాడు. లక్ష్మీకాంత్‌ని ఆసుపత్రి ఆటో ఎక్కించినప్పుడు తనూ ఒక చెయ్యి వేశాడు, ఆ అరుపులింకా చెవుల్లోనే ఉన్నాయి. తను చేయగలిగింది మాత్రం ఏముంది, నాలుగు ఊచలు కోసి అతికించడం తప్ప.

కొలతలు ఒకసారి చదివి వినిపించాడు.

"తలుపు పైనుంచి జారేలా పెడతాను. లోపలికొచ్చిందా, బయట గడియ దానంతటదే పడిపోతుంది."

వెంకటరావమ్మ రేకు చిరుత మొహంలోకి చూస్తూ నిలబడింది.

"గడియ లోపలికి పెట్టు అబ్బాయ్, పడుకున్న చోటినుంచి నా చెయ్యి అందేటట్టు."