సున్నాల దొర

"గెలిస్తివా సరి. ఓడితివా, ఆ కట్టె పొయ్యిలోకి, నువ్వు నా ఎంట సేనికి" అన్నాడు గోపాలరాజు.

కట్టె అంటే కొడుకు వెంకటకృష్ణ చేతిలోని బ్యాటు. చదువుకోమని మద్రాసు పంపితే, చదువు సగంలో వదిలేసి క్రికెట్టు మాత్రం పూర్తిగా నేర్చుకుని సింగానల్లూరు తిరిగొచ్చిన కొడుకు. ఆ ఆట కోసం ఈ ఏడు మంచి నల్లరేగడి చేలో పత్తి వెయ్యనివ్వకుండా చదును చేయించాడు. తండ్రి అంతవరకు ఊరుకోవడమే గొప్ప.

ఇంగ్లండు నుంచి వచ్చిన దొరల జట్టు బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ఆడి, నీలగిరికి వేటకు పోతూ సింగానల్లూరు పక్కనే ఉన్న కోయంబత్తూరులో ఆగింది. వెంకటకృష్ణ కలెక్టరు బంగళా చుట్టూ తిరిగి తిరిగి, తన ఊరి జట్టుతో ఒక రోజు ఆట కుదిర్చాడు.

ఇక మద్రాసు పత్రికలు తెప్పించి ఒక్కొక్క దొర ఆటనూ నమిలి మింగాడు. ఎవరు ఏ బంతికి తడబడతారో, ఎవరి మోకాలు వాచిందో, ఎవరికి ఇక్కడి నీళ్లు పడక కడుపు చెడిందో, అన్నీ నోటికి వచ్చేశాయి. అందరిలోకీ అతనికి ముద్దొచ్చినవాడు హార్లీ. ఇంగ్లండులో పేరు మోసిన ఆటగాడట. ఓడ దిగిన నాటినుంచి ఫామ్ పోయింది. బొంబాయిలో సున్నా. కలకత్తాలో సున్నా. మద్రాసులో రెండుసార్లూ సున్నా. పత్రికలవాళ్లు అతని మీద జాలిపడటం కూడా మానేశారు.

"ఈ సున్నాల దొర మనకు కానుకరా" అన్నాడు వెంకటకృష్ణ, తన బౌలరు అయ్యసామితో. అయ్యసామి పక్క చేని రైతు. వడిసెల తిప్పి పిట్టలను తోలిన చెయ్యి అతనిది.

ఒక్కటే చిక్కు. అంపైరుగా నిలబడేది కలెక్టరు. ఆయనకు తెలుగు ముక్క రాదు కానీ తమిళం కొట్టిన పిండి. తమ ఎత్తులు ఆయన చెవిన పడితే ఆయన దొరలకు చెప్పకుండా ఉంటాడా?

"ఆటలో ఒక్కడు కూడా తమిళం ఎత్తకూడదు. అంతా మన ఇంటిమాటే" అని వెంకటకృష్ణ కట్టడి చేశాడు.

తాతల తాతలు తెలుగు సీమ నుంచి వెంట తెచ్చుకున్న మాట. సంతలో పనికిరాదు, బడిలో పనికిరాదు, కచేరీలో అసలే పనికిరాదు. ఇన్నాళ్లకు దానికొక పని దొరికింది.

ఆట రోజున గోపాలరాజు గొడుగు వేసుకుని చేని గట్టు మీద కూర్చున్నాడు. ఊరి జట్టు ముందు ఆడి ఎనభై పరుగులు చేసింది. తర్వాత దొరలు దిగారు. మొదటే హార్లీ.

వికెట్ల వెనక నిలబడిన వెంకటకృష్ణ కేక వేశాడు. "అయ్యసామీ, ఈయనకు కాలికాడ ఎయ్యి. సూడలేడు."

అయ్యసామి కాలి దగ్గరే వేశాడు. బంతి గట్టు దాటింది.

"సరి, పొట్టిగా ఎయ్యి. ఎగిరితే బెదురుతాడు."

పొట్టిగా వేశాడు. హార్లీ అప్పటికే వెనక్కి జరిగి ఉన్నాడు. బంతి గోపాలరాజు గొడుగు పక్కనుంచి దూసుకుపోయింది.

చిత్రమేమిటంటే, అవతలి కొసన ఆడే దొరల మీద మాత్రం మంత్రం పారుతూనే ఉంది. "ఈ లావాయన వంగలేడు, కిందుగా ఎయ్యి" అంటే లావు దొర వికెట్లు ఎగిరిపడ్డాయి. "ఈయనకు కడుపు సరిలేదు, తొందరపడతాడు, మెల్లిగా ఎయ్యి" అంటే చేతుల్లోకి క్యాచి. ఒకరి వెనక ఒకరు డేరా దారి పట్టారు. హార్లీ ఒక్కడూ కదల్లేదు.

నడుమ ఒకసారి అయ్యసామికి విసుగెత్తింది. "అణ్ణా, కొంచేపు ఏమీ సెప్పకుండా సుమ్మా ఉండు" అని తన ఇష్టానికి వేశాడు. హార్లీ బ్యాటు గాలిని కొట్టింది. బంతి వికెట్లను వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది.

"సూస్తివా! నా మాట ఇనకపోతే గురి తప్పె" అన్నాడు వెంకటకృష్ణ. అప్పటినుంచి ప్రతి బంతికీ మరింత వివరంగా చెప్పసాగాడు.

చివరి జోడీ మిగిలింది. దొరలకు ఇంకా రెండు పరుగులు కావాలి.

"నిదానంగా, బయటికి ఎయ్యి. ముందుకొచ్చి కొట్టబోతాడు. నేను పట్టి వికెట్లు పడగొడతా."

హార్లీ ముందుకు రాలేదు. ఉన్నచోటే నిలబడి, బంతి వచ్చేదాకా ఓపికపట్టి, కొడవలితో కోసినట్టు కొట్టాడు. ఆట ముగిసింది.

దొరలు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. పోయిన ఫామ్ సింగానల్లూరులో దొరికిందని కలెక్టరు నవ్వాడు. వెంకటకృష్ణ వెళ్లి చెయ్యి కలిపి, ఇంతలో ఇంత మార్పుకు కారణమేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇక్కడి గాలి నాకు బాగా పడింది" అన్నాడు హార్లీ, ఇంగ్లీషులోనే.

గోపాలరాజు గొడుగు ముడిచి వచ్చి చెయ్యి చాచాడు. వెంకటకృష్ణ బ్యాటు ఇచ్చేశాడు.

"నాయనా, నేను అన్నీ సరిగ్గానే సెప్తి గదా."

"సెప్తివి. గట్టు మీదికి కూడా ఇనబడె" అన్నాడు తండ్రి.

వెంకటకృష్ణ అవ్వ నాచ్చియార్, గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒకే కుండలోంచి మజ్జిగ పోస్తోంది. హార్లీ చెంబు ఎత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు మళ్లీ చాచాడు.

"సల్ల బాగుండాది అవ్వా, ఉప్పే ఇంచుక తక్కువ, సిన్నప్పుడు ఈడనే అన్నూరులో నన్ను పెంచిన మా కుప్పమ్మాళ్ అయితే ఇంకో రెండు రాళ్లు ఏసుండేది."