ఏడు గంటల లాటిన్ పాఠం

కాస్త దగ్గరికి జరగండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

ఆ ఇంట్లో పొద్దున్న ఏడయ్యేసరికి చదువుగదిలో లాటిన్ పాఠం మొదలయ్యేది. తండ్రి చర్చి బడిలో లాటిన్ పంతులు. కూతురికి అసలైన పాత క్రైస్తవ చదువే చెప్పాలని ఆయన పట్టుదల. ముందు లాటిన్, కీర్తనలు కంఠస్థం. తర్వాత తర్కం. ఆ తర్వాత నలుగురిలో నిలబడి మాట్లాడే నేర్పు.

"రాజుని ఏమంటాం?" అని అడిగేది తండ్రి గొంతు.

"రెక్స్."

"బాగుంది. దేవుణ్ణి?"

పిల్లకి తొమ్మిదేళ్ళు. ఏడాదిగా ఇదే వరస.

ఒకరోజు అన్నం దగ్గర పిల్ల పళ్ళెం నెట్టేసింది. "నేనింక చదవను. నేనేం చెప్పినా నాన్న బాగుందనే అంటాడు. ఇవాళ దేవుణ్ణి గాడిద అన్నాను. దానికీ బాగుందన్నాడు."

నానమ్మ నవ్వబోయి ఆగింది. "చిన్నప్పుడూ అంతే వాడు. తన ధోరణి తనదే, ఎదుటివాళ్ళ మాట చెవినెయ్యడు." కోడలి వైపు తిరిగింది. "అందరు పిల్లల్లాగే దాన్నీ బడికి పంపు అమ్మాయ్. ఇలా గోడకేసి చూస్తూ కూర్చుంటే అదీ గోడలాగే తయారవుతుంది."

"పుస్తకం పూర్తయ్యేదాకా మానిపించనని ఆయనకి మాటిచ్చాను అత్తయ్యా."

"మాట వాడికిచ్చావు. పిల్ల దిగులు చూడ్డానికి నువ్వే ఉన్నావు."

తల్లి, పిల్ల నెట్టేసిన పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

మర్నాడు పిల్ల లేవకముందే చదువుగదిలోకి వెళ్ళొచ్చింది. ఇవాళ్టినుంచి నాన్న పాఠం లేదని దానికెలా చెప్పాలో కూడబలుక్కుంటూ, గుప్పిట బిగించి వంటగదిలో నిలబడింది.

ఏడయింది.

"వెలుగుని ఏమంటాం?" చదువుగదిలోంచి అదే గొంతు.

తల్లి గుప్పిట విప్పకుండానే గుమ్మందాకా వెళ్ళింది.

పిల్ల పలక మీద గీతలు గీస్తోంది. తలెత్తకుండా, కావాలనే అంది. "తెనెబ్రే."

ఎప్పుడూ వచ్చే "బాగుంది" ఈసారి రాలేదు.

"కాదు తల్లీ. అది చీకటి. మళ్ళీ చెప్పు."

పిల్ల మొహం విప్పారింది. "అమ్మా, నాన్న విన్నాడు." వెంటనే సర్దుకుని కూర్చుంది. "లుక్స్."

"బాగుంది."

మీరీ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు ఇదొక్కటి మరిచిపోకండి: చనిపోయేముందు ఆయన మంచం మీదినుంచే పాఠాలు చెప్పి రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్టు, రోజూ ఏడింటికి మోగేది, ఆ పొద్దున్నంతా తల్లి గుప్పిట్లోనే ఉంది.