పద్నాలుగో కొర్రీ

కిటికీల లెక్క తప్పిందని పద్నాలుగోసారి ఫైలు వెనక్కి వచ్చింది.

"మూడో అంతస్తులో పదిహేడు కిటికీలని రాశారమ్మా. పద్దెనిమిదున్నాయి," అన్నాడు గుమాస్తా, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

మట్టిబొమ్మలు చేసే ఆవిడ నీరసంగా బల్ల పట్టుకుని నిలబడింది.

"ఒకటి ఇటుకలతో మూసేశారండీ. అదిప్పుడు కిటికీ కాదు, గోడ."

"మూసేసిన కిటికీ అని రాసి తీసుకురండి."

"ఆ ముక్క పోయినసారే చెప్పొచ్చు కదండీ!"

"పోయినసారి మెట్ల సంగతి చూశానమ్మా."

"ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతారు?"

"తొందరేముంది? మీ పని నడుస్తూనే ఉందిగా," అని ఆయన ఇంకో ఫైలు తెరిచాడు.

ఊరి నడిబొడ్డున కార్పొరేషన్ వారి ఆ పాత బట్టల దుకాణం మూతపడి పంతొమ్మిదేళ్ళు. మూడంతస్తులు. చుట్టూ వీధి వీధంతా అలాగే తాళాలు పడి, పావురాల పాలయింది. రెండేళ్ళ క్రితం ఆవిడ, మరో ముప్ఫైమంది కళాకారులు కలిసి ఆ భవనం తమకివ్వమని దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం కింది అంతస్తు వాడుకోవచ్చన్నారు.

అదే పదివేలనుకుని దిగిపోయారు. ఒక మూల బొమ్మలు, ఒక మూల వయొలిన్ పాఠాలు, మధ్యలో నాటకాల రిహార్సల్స్. వీధిలో మనుషుల అలికిడి మొదలైంది. మూతపడ్డ కొట్లలో నాలుగు మళ్ళీ షట్టర్లు ఎత్తాయి.

కానీ పైకప్పు కారుతోంది. అనుమతి రాకుండా రిపేరు చేయించడానికి లేదు. వాన పడితే బొమ్మల మీద పట్టాలు కప్పడం, బకెట్లు పెట్టడం, ఎత్తి పారబోయడం. ఆవిడకి యాభై దాటాయి. మోకాళ్ళు మాట వినడం లేదు.

"చెయ్యి తడిపితే ఫైలు దానంతటదే ఈదుకుంటూ పోతుందక్కా," అన్నాడు నాటకాలాయన.

అదీ అయింది. ఆవిడ ఇచ్చిన కవరు గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో మెట్ల కొలతలున్నాయా?" అని అడిగాడు. లేవంది. తిరిగి చేతిలో పెట్టేశాడు.

ఒకసారి తనిఖీకి ఆయనే వచ్చాడు. కాలు విరిగిన కుర్చీ గోడకి ఆనించుకుని గంటసేపు రిహార్సల్ చూశాడు. మంచినీళ్ళు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు. వెళ్తూ వెళ్తూ, "ఆ ముసలిరాజు మాట వెనక్కి వినపడటం లేదు," అన్నాడు.

"చచ్చాంరా నాయనా, నాటకానిక్కూడా కొర్రీ!" అని ఆయన వీధి దాటకముందే అందరూ పగలబడి నవ్వారు.

కిటికీల కొర్రీతో ఆవిడ ఓపిక అయిపోయింది. ఆ మధ్యాహ్నమే కమిషనర్‌కి ఫిర్యాదు రాసింది. ఈ గుమాస్తా కావాలనే జాప్యం చేస్తున్నాడని, రెండేళ్ళుగా తమ ఉసురు పోసుకుంటున్నాడని. కొర్రీలు పద్నాలుగూ వరసగా పిన్ను కొట్టి జత చేసింది.

వారం తిరక్కుండా గుమాస్తాని సస్పెండ్ చేశారు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది.

"శని వదిలింది," అన్నాడు నాటకాలాయన.

ఆవిడకి ఆ రోజు చాలాకాలానికి కాస్త కునుకు పట్టింది.

సస్పెండైన ఎనిమిదో రోజు కార్పొరేషన్ నుంచి కాగితం వచ్చింది. ఒకే ఒక్క పేజీ.

'దరఖాస్తు తిరస్కరించడమైనది. పదిహేను రోజుల్లో భవనం ఖాళీ చేయవలెను.'

ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి పోయింది. పాతాయన సీట్లో ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆవిడ ఆయాసం చూసి లేచి కుర్చీ జరిపింది.

"మా ఫైల్లో ఏం తప్పుందమ్మా?"

"ఏ తప్పూ లేదండీ. ఇంత శుభ్రమైన ఫైలు నేనింతవరకూ చూళ్ళేదు."

"మరెందుకు కాదన్నారు?"

"అక్కడ కార్ల పార్కింగు కట్టాలని ఎప్పుడో అనుకున్నారండీ. దరఖాస్తు పరిశీలనలో ఉంటే భవనం కూల్చకూడదు, అది రూలు. ఇప్పుడు దరఖాస్తే లేదు కదా."

ఆవిడ చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది.

"అయితే ఆ పెద్దాయన..."

అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆయన్ని ఈ సీటు నుంచి కదపాలని పైవాళ్ళు చాలా చూశారండీ. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క ఫిర్యాదూ దొరకలేదు. మీరిచ్చేదాకా."

"ఆయన ఇల్లెక్కడమ్మా?"

"ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు."

అమ్మాయి ఫైలు తెరిచి, మొదటి పేజీ ఆవిడ వైపు తిప్పింది.

దరఖాస్తు ఇచ్చిన రోజు తేదీయే. పక్కన ఎర్ర సిరాతో కమిషనర్ చేతిరాత: 'వెంటనే తిరస్కరించి పంపండి.' దాని కింద, ఇంకా ఎందుకు తిరస్కరించలేదని నిలదీస్తూ మూడు హెచ్చరికలు. ఆఖరిదాంట్లో ఉద్యోగం పోతుందని కూడా ఉంది.

ఆ ఒక్కో హెచ్చరిక కిందా, 'చిన్న సందేహం ఉంది, కళాకారుల జవాబు రావాలి' అని రాసి, పాత గుమాస్తా సంతకం పెట్టి ఉంది.